కాపాడిన కుక్క, రాని మనుషులు

1

యజమాని ప్రాణం కాపాడిన పెంపుడు జంతువు కథకు చావు లేదు. పంచతంత్రంలోని ముంగిస దగ్గర నుంచి నిన్నమొన్న దినపత్రిక జిల్లా అనుబంధంలో ఫోటోతో సహా అచ్చయిన కుక్క దాకా అదే కథ పేర్లు మార్చుకుని, ఊళ్లు మార్చుకుని తిరుగుతూ ఉంది. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో దానికి కొన్ని స్థిరమైన రూపాలున్నాయి. ఇంట్లోకి నాగుపాము వస్తుంది, కుక్క అడ్డం పడుతుంది, పామూ చస్తుంది, కుక్కా చస్తుంది, ఇంటిల్లిపాదీ ఏడ్చి మనిషికి చేసినట్టు దానికి దినం చేస్తారు. అడవి అంచున పులి పసుల కాపరి మీదికి వస్తుంది, బర్లు మందగా కొమ్ములు దించి ఎదురుపోతాయి, పులి వెనక్కి తగ్గుతుంది. వాగు పొంగుతుంది, ఎద్దు తోక పట్టుకున్న రైతు ఒడ్డున పడతాడు. అన్నిటికీ ముగింపు మాత్రం ఒకటే: మనిషికి లేని విశ్వాసం నోరులేని జీవికి ఉంది.

ఈ ముగింపును మన విమర్శకులు పెద్దగా పట్టించుకోలేదు. పిల్లల కథలనీ, పత్రికల వాళ్ల కాలక్షేపమనీ వదిలేశారు. కాని ఒక సమాజం ఏ కథను అలవాటుగా, ఆలోచించకుండా, కళ్లు తుడుచుకుంటూ చెప్పుకుంటుందో ఆ కథలోనే ఆ సమాజపు భావజాలం భద్రంగా దాక్కుంటుంది. అందుకే దాన్ని పరిశీలించక తప్పదు.

ఈ కథలను నమ్మవచ్చునా అన్నది మొదటి ప్రశ్న. దానికి జవాబు చెప్పుకోవలసిందే. అయితే అక్కడితో ఆగిపోతే అది హేతువాదుల చర్చ అవుతుంది తప్ప సాహిత్య విమర్శ కాదు. మనం వెయ్యవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. కుక్క వచ్చింది సరే, రావలసిన వాళ్లలో ఎవరు రాలేదు?

2

మొదట సాక్ష్యం సంగతి. ఈ కథకు సాక్షి ఎవరు? కుక్క చెప్పలేదు, పాము చెప్పలేదు. నిద్రలో ఉన్న యజమాని చప్పుడుకు లేచి చూస్తే కనిపించేది చచ్చిన పాము, చచ్చిన కుక్క. ఈ రెంటి మధ్య జరిగిందంతా ఆయన అల్లుకున్నది. ఇంట్లోకి పాకి వచ్చిన పాము మీద కుక్క పడడం దాని స్వభావం. పక్కన మంచం మీద యజమాని ఉన్నా, మంచం ఖాళీగా ఉన్నా పడుతుంది. ‘యజమాని కోసం’ అన్న మాట కుక్క చేసిన పనిలో లేదు, మనం చెప్పుకునే కథలో ఉంది. బర్ల సంగతీ అంతే. మృగం వాసన తగిలితే అవి గుంపుగా చేరి, దూడలను లోపలికి తోసి, కొమ్ములు బయటికి పెట్టి నిలబడతాయి. కాపరి ఆ గుంపు మధ్యన ఉంటే బతుకుతాడు. బర్రె తన దూడను కాచుకుంటున్నది, కాపరి ఆ నీడలో దాగాడు. అతని ప్రాణం నిలిచిన మాట నిజమే. కాని బర్రె అతని కోసం ప్రాణాలొడ్డిందన్నది మనం తగిలించిన మాట.

ఇక లెక్క సంగతి. కథ చెప్పేది బతికినవాడు. కుక్క గడపలో పడుకుని ఉండగానే పాము కరిచి చచ్చిపోయిన మనిషి, నా కుక్క నన్ను కాపాడలేదని ఎవరికీ చెప్పలేడు. వాగులో ఎద్దు తోక వదిలినవాడు ఏ విలేకరికీ దొరకడు. దక్కిన ప్రాణాలను మాత్రమే లెక్కపెట్టి, పోయిన ప్రాణాలను లెక్కలోకి తీసుకోకపోతే ప్రతి కుక్కా రక్షకుడిగానే కనిపిస్తుంది.

పరిశోధకులు దీన్ని ప్రయోగాలు పెట్టి చూశారు. కెనడాలోని వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయానికి చెందిన మెక్‌ఫర్సన్, రాబర్ట్స్ 2006లో ప్రకటించిన ప్రయోగంలో యజమానులు గుండెపోటు వచ్చినట్టు కుక్కల ముందు కూలిపోయారు. మరో ప్రయోగంలో పుస్తకాల బీరువా మీదపడినట్టు నటించారు. దగ్గరలో మరో మనిషిని కూర్చోబెట్టారు. ఆ మనిషి దగ్గరికి పోయి సాయం అడిగిన కుక్క ఒక్కటీ లేదు. 2020లో అమెరికాలోని అరిజోనా పరిశోధకులు 60 పెంపుడు కుక్కలతో ఇంకో ప్రయోగం చేశారు. యజమాని ఒక పెట్టెలో చిక్కుకున్నట్టు నటిస్తూ అరుస్తుంటే 20 కుక్కలు పెట్టె తెరిచాయి. అదే పెట్టెలో తిండి పెడితే తెరిచినవి 19. తిండి కోసం పెట్టె తెరవడం తెలిసిన కుక్కల్లో ఎక్కువ భాగం యజమాని కోసం కూడా తెరిచాయి. అంటే మిగతా వాటికి మనసు లేదని కాదు, ఆ పని ఎట్లా చెయ్యాలో వాటికి తెలియలేదు. మనిషి ఆర్తనాదం కుక్కను కదిలిస్తుంది. కాని ఆపద ఏమిటో, దానికి ఉపాయం ఏమిటో, ఎవరిని పిలుచుకు రావాలో అది ఎరగదు.

కాబట్టి మన అనుమానం కుక్క ప్రేమ మీద కాదు. అనుమానమల్లా కుక్కకు మనం రాసిపెట్టిన పాత్ర మీద.

3

ఈ కథ ప్రయాణం చూస్తే ఆ పాత్రను ఎవరు, ఎందుకు రాశారో కొంత తెలుస్తుంది.

పంచతంత్రం చివరి భాగమైన అపరీక్షితకారకంలో పసిబిడ్డను పాము నుంచి కాపాడిన ముంగిస, మూతికి నెత్తురు ఉన్నందుకు యజమాని ఇంటివాళ్ల చేతిలోనే చస్తుంది. ముందూ వెనకా చూడకుండా పని చెయ్యరాదన్నది అక్కడ నీతి. మనకు తరతరాలుగా బళ్లో చెప్పిన నీతి కూడా అదే. హితోపదేశంలో ఇదే కథలో ఒక వివరం ఉంది. భార్య స్నానానికి పోయింది. బ్రాహ్మణుడికి రాజుగారింటి నుంచి శ్రాద్ధానికి పిలుపు వచ్చింది. పుట్టు పేదవాడు. తను ఆలస్యం చేస్తే ఆ దక్షిణ ఇంకొకడు పట్టుకుపోతాడని భయపడ్డాడు. అందుకని బిడ్డను ముంగిసకు అప్పగించి పరుగెత్తాడు. నీతి చెప్పేవాళ్లు తొందరపాటును పట్టుకున్నారు గాని, ఆ తొందరకు కారణమైన పేదరికాన్ని పట్టుకోలేదు. రాజుగారి దక్షిణ కోసం బిడ్డను ఒంటరిగా వదలవలసిన అవసరం లేకపోతే ఈ కథే లేదు.

ఈ కథ అరబ్బీ అనువాదాల మీదుగా పడమటికి పోయింది, ముంగిస కాస్తా కుక్క అయింది. వేల్స్‌లో బెడ్‌గెలెర్ట్ అనే ఊళ్లో రాజకుమారుడి కొడుకును తోడేలు నుంచి కాపాడి, రాజకుమారుడి కత్తికే బలైన కుక్క సమాధి ఉంది. ఆ సమాధిని 18వ శతాబ్ది చివర్లో ఒక సత్రం యజమాని యాత్రికులను ఆకర్షించడానికి వెలయించాడని చెబుతారు. కథ ముందు వచ్చింది, శవం తర్వాత వచ్చింది, వ్యాపారం సాగింది. ఫ్రాన్సులో లియోన్ దగ్గర ఇదే కథలోని వేటకుక్క ఏకంగా పునీతుడై పోయింది. 13వ శతాబ్దిలో అక్కడికి వెళ్లిన ఎతియెన్ ద బోర్బోన్ అనే మత విచారణాధికారి ఆ కుక్క ఎముకలను తవ్వించి, చుట్టూ ఉన్న చెట్లను కొట్టించి కాల్పించాడు. ఆ కుక్కను కొలిచిందెవరని చూస్తే, జబ్బుపడ్డ పసిపిల్లలను చంకనేసుకొచ్చిన పల్లెటూరి తల్లులు. వైద్యుడి మొహం చూడని తల్లులు, చర్చి ఓదార్చని తల్లులు. మతాధికారికి అందులో మూఢనమ్మకం కనిపించింది. ఆ మూఢనమ్మకం వెనక ఉన్న ఖాళీ జాగా ఆయనకు కనిపించలేదు. మన హేతువాదులు కూడా ఒక్కోసారి ఈ ఎతియెన్ పనే చేస్తున్నారు. గుట్టను తవ్వి ఎముకలు కుక్కవని రుజువు చేస్తారు. తల్లులు మళ్లీ ఎక్కడికి పోవాలో చెప్పరు.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఛత్తీస్‌గఢ్‌లో ఉంది. బాలోద్ జిల్లా ఖప్రీలో కుకుర్‌దేవ్ గుడి ఉంది. అక్కడి స్థలకథ ఒక బంజారా గురించి చెబుతుంది. మన ఆదిలాబాద్ తండాల్లో ఉన్న లంబాడీల పూర్వీకుల్లాగే ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దేశం తిరిగిన జాతి అది. కరువు వచ్చింది. అప్పు తీర్చే దారి లేక ఆ బంజారా తన కుక్కను షావుకారు దగ్గర తాకట్టు పెట్టాడు. షావుకారు ఇంట్లో దొంగలు పడ్డారు. సొమ్ము దాచిన చోటును కుక్క చూపించింది. షావుకారు సంతోషించి, బాకీ చెల్లిపోయిందని చీటీ రాసి దాని మెడకు కట్టి పంపాడు. వస్తున్న కుక్కను చూసి బంజారా, షావుకారు ఇల్లు విడిచి పారిపోయి వచ్చిందనీ, తన మాట పోగొట్టిందనీ కోపంతో కొట్టి చంపాడు. చీటీ తర్వాత చూశాడు.

ఈ కథలో కుక్క కాపాడింది ఎవరిని? షావుకారు సొమ్మును. చంపిందెవరు? షావుకారు కాదు, కుక్కను ప్రేమించినవాడే. ఎందుకు చంపాడు? అప్పిచ్చినవాడి ముందు తన మాట పోతుందన్న భయంతో. బాకీ అన్నది మనిషి బుర్రలోకి ఎంత లోతుగా దిగుతుందో, తన చేతిని తన ఆప్తుడి మీదికే ఎట్లా లేపుతుందో ఈ జానపద కథ చెప్పినంత సూటిగా మన కథకులు చాలామంది చెప్పలేకపోయారు. విశ్వాసానికి గుడి కట్టారని మనం చదువుకుంటున్నాం. నిజానికి ఆ గుడి కింద ఉన్నది ఒక తాకట్టు పత్రం.

ఇట్లా చూస్తే రెండు పాయలు విడివిడిగా కనిపిస్తాయి. పత్రికలో వచ్చే పాయలో జంతువు కాపాడుతుంది, యజమాని కన్నీరు పెడతాడు, కథ ముగుస్తుంది. జనం నోట నిలిచిన పాయలో జంతువు కాపాడుతుంది, కాపాడినందుకే చస్తుంది, చంపింది కాపాడబడినవాడే. మొదటిది యజమాని కథ. రెండోదాంట్లో సేవ చేసినవాడి అనుభవం ఉంది.

4

‘కుక్కకున్న విశ్వాసం మనిషికి లేదు’ అన్న మాటను ఎవరు ఎవరి గురించి అంటారో గమనించండి. కూలివాడు దొర గురించి అనగా మనం వినలేదు. బిడ్డ తండ్రి గురించి అనడు. జీతగాడు వేరే చోట పనికి కుదిరినప్పుడు, పాలుకిచ్చిన భూమి తనదని రైతు అడిగినప్పుడు, పనిమనిషి జీతం పెంచమన్నప్పుడు ఆ మాట వస్తుంది. ఉప్పు తిన్న విశ్వాసం, తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం, ఇవన్నీ ఒకే బడిలో నేర్పిన పాఠాలు. ఉప్పు పండించినవాడు ఎవరన్న ప్రశ్న ఆ బడిలో రాదు. ఇందులో కుక్క జంతువు కాదు, పాఠం. తిండి పెట్టిన చేతిని ప్రశ్నించకుండా, చావు దాకా కాపలా కాసే ఆదర్శ సేవకుడి బొమ్మ.

1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో రైతుకూలీలు వెట్టికి ఎదురుతిరిగారు. సెప్టెంబరు 7న జగిత్యాలలో జైత్రయాత్ర జరిగింది. దొరలకు చాకలి, మంగలి పనులు బందుపెట్టి ఊళ్లు సాంఘిక బహిష్కారం పాటించాయి. అక్టోబరులో ప్రభుత్వం ఆ రెండు తాలూకాలనూ కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. గడి కంటికి ఆ బహిష్కారం ఏమిటి? తరాలుగా తన తిండి తిన్నవాళ్లు విశ్వాసం తప్పడం. ఊరి కంటికి ఏమిటి? తరాలుగా తను పెట్టిన తిండి లెక్క అడగడం. ఈ రెంటిలో ఏ కన్నుతో చూస్తున్నామో తేల్చుకోకుండా విశ్వాసం మీద కథ రాయడం కుదరదు.

మన సాహిత్యంలో కుక్క ఎప్పుడూ కాపలా పనిలోనే లేదని కూడా గుర్తుచెయ్యాలి. నన్నయ భారతంలో కథాభాగం దాదాపు సరమ వృత్తాంతంతోనే మొదలవుతుంది. యాగశాల దగ్గర ఆడుకుంటున్న కుక్కపిల్లను, ఏ తప్పూ చెయ్యకుండానే, జనమేజయుడి తమ్ముళ్లు కొట్టారు. దాని తల్లి సరమ నేరుగా రాజు ముందుకు వచ్చి, ఇది తగునా అని నిలదీసింది. మంచిచెడ్డలు విచారించకుండా బలహీనులను హింసించేవాళ్లకు అనుకోని ఆపదలు వస్తాయని హెచ్చరించి పోయింది. భారతం చివర మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట నడిచింది కూడా కుక్కే. దాన్ని వదిలిపెట్టి స్వర్గానికి రమ్మంటే ఆయన ఒప్పుకోలేదు. అక్కడ మనిషి జంతువుకు విశ్వాసం చూపవలసి వచ్చింది. అంటే తెలుగు కావ్య సంప్రదాయపు వాకిట్లోనే న్యాయం అడిగిన కుక్క, ధర్మాన్ని పరీక్షించిన కుక్క ఉన్నాయి. ఆ రెంటినీ మరిచిపోయి, తోక ఊపే కుక్కను మాత్రం మనం పత్రికల్లో పెంచుకుంటున్నాం.

5

ఇప్పుడు కరీంనగర్, ఆదిలాబాద్‌లలో ఈ కథలు పుట్టే చోట్లకు పోదాం.

పులి కథను తీసుకోండి. కవ్వాల్ అడవిని 2012లో పులుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. పెన్‌గంగ, ప్రాణహిత దాటి మహారాష్ట్ర అడవుల నుంచి పులులు వస్తున్నాయి. 2020 నవంబరు ఒక్క నెలలోనే కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఇద్దరిని పులి చంపింది. 2024 నవంబరులో కాగజ్‌నగర్ వైపు ఇంకొకరు పోయారు. చనిపోయిన వాళ్లలో పత్తి ఏరడానికి పోయినవాళ్లున్నారు. నవంబరు పత్తి ఏరే నెల. వంగి పత్తి ఏరే మనిషి పులి కంటికి నాలుగు కాళ్ల జంతువులాగే కనిపించవచ్చు. పులి ఉందని తెలిసినా చేను మానుకుంటే కూలి లేదు. వీళ్లకు బర్ల మంద లేదు, చాలామందికి సొంత చేనూ లేదు. కథలో ‘యజమానిని కాపాడిన పశువులు’ అంటారు. అడవికి పసులను తోలుకుపోయేది యజమాని కాదు, కాపరి. అతనికి ఆ పసులు సొంతం కావు. పసులు పులి నోట పడితే నష్టపరిహారం పసులు గలవాడికి వస్తుంది. కాపరికి ఆ సొమ్ముతో పని లేదు. అతని ప్రాణం కథలో దక్కింది గాని కాగితంలో అతని పేరు లేదు. ఒక్క ‘యజమాని’ అన్న మాట వాడి మనం కాపరిని కథలో నుంచి తొలగించాం.

పాము కథ ఇంకా ముఖ్యమైంది. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక పరిశోధన అంచనా కట్టింది. సగటున ఏడాదికి 58,000 మంది. ఆ మరణాల్లో దాదాపు 70 శాతం ఎనిమిది రాష్ట్రాల్లోనే జరిగాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు లోపు, అంటే నాట్లు, కలుపులు సాగే రోజుల్లోనే జరిగాయి. నాగుపాము పడగ విప్పుతుంది, బుసకొడుతుంది, కథకు పనికివస్తుంది. కట్లపాము ఏ చప్పుడూ చెయ్యదు. రాత్రి నేల మీద పడుకున్నవాళ్ల పక్కలోకి చేరి కరుస్తుంది. నొప్పి కూడా పెద్దగా తెలియదు. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, ఊపిరి అందదు. అప్పటికి కుక్క గడపలో నిద్రపోతూనే ఉంటుంది. ఇక్కడ ప్రాణం కాపాడేవి ఏమిటి? నేల నుంచి ఎత్తుగా ఉన్న ఒక మంచం. చుట్టూ దోపిన దోమతెర. చీకట్లో చేతిలో దీపం. విరుగుడు మందు, కృత్రిమ శ్వాస ఇచ్చే సాధనం ఉన్న ఆసుపత్రి, అక్కడికి చేర్చే బండి. ఇవేవీ తోక ఊపవు. వీటికి దండ వేసి ఫోటో తియ్యరు. అందుకే వీటి మీద కథ లేదు.

గనుల దగ్గరికి పోతే ఈ విషయం ఇంకా విప్పారుతుంది. బొగ్గు గనుల చరిత్రలో కేనరీ పిట్ట పేరు అందరికీ తెలుసు. 19వ శతాబ్ది చివర జాన్ హాల్డేన్ అనే శాస్త్రజ్ఞుడి సలహా మీద ఇంగ్లండు గనుల్లో దాన్ని వాడారు. 1986లో యంత్రాలు వచ్చాక మానేశారు. విషవాయువు మనిషికి తెలియకముందే పిట్టకు తగులుతుంది, అది పంజరంలో కూలిపోతుంది, కార్మికులు బయటికి పరుగెత్తుతారు. పిట్ట కార్మికులను కాపాడిందని చెప్పుకుంటారు. పిట్ట ఎవరినీ కాపాడలేదు. దాన్ని పంజరంలో పెట్టి లోపలికి దింపారు. దాని ఊపిరిని కొలబద్ద చేసుకున్నారు. ఆ పిట్ట పని ఎందరో కార్మికులు పంజరం లేకుండానే చేశారు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు చొచ్చుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. ఆ రోజు ఏ మూగజీవీ వాళ్లను హెచ్చరించలేదు. హెచ్చరించవలసింది మూగజీవులు కాదు. పక్కనే నిలిచి ఉన్న నీటికీ, పని జరిగే చోటుకూ మధ్య ఎంత మందం బొగ్గు మిగిలి ఉందో కొలిచే బాధ్యత నోరున్న మనుషులది.

కథలో కుక్క ఎక్కడ నిలబడిందో చూడండి. మంచం ఉండవలసిన చోట, మందు ఉండవలసిన చోట, తనిఖీ జరగవలసిన చోట, తోటిమనిషి నిలబడవలసిన చోట. కుక్క నిలబడ్డందువల్ల ఆ చోటు ఖాళీగా ఉందన్న సంగతి మనకు కనిపించదు.

జంతువుల మీద రైతుకున్న ప్రేమను వెక్కిరిస్తున్నామా అని ఎవరైనా అడగవచ్చు. లేదు. ఆదిలాబాద్ పల్లెల్లో పొలాల అమావాస్య నాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు వేసి, ఊరేగించి, తాము తినేదే వాటికీ పెడతారు. ఆ ప్రేమకు ఆధారం శ్రమ. ఎద్దు ఆ ఇంటిని ఒక రాత్రి పాము నుంచి కాదు, ఏడాది పొడుగునా ఆకలి నుంచి కాపాడుతుంది. కాని రోజూ జరిగేది వార్త కాదు. అదే ఎద్దును కరువు నాడు అంగడిలో అయినకాడికి అమ్ముకున్నప్పుడు అదీ వార్త కాదు. రోజూ కాపాడినదాన్ని మనం కాపాడుకోలేకపోవడమే రైతు జీవితంలోని విషాదం. శరత్ ‘మహేశ్’ కథలో గఫూర్ తన ఎద్దును కన్నకొడుకులా చూసుకుని, చివరికి దిక్కుతోచని కోపంలో తన చేతులతోనే చంపి, కూతురు చెయ్యి పట్టుకుని జనపనార మిల్లుకు పోయాడు. ఆ కథ పశుప్రేమ గురించి మన పత్రికల కుక్కకథలన్నిటికంటే ఎక్కువ చెప్పింది.

6

సినిమా ఈ కథను ఎట్లా వాడుకుందో చూస్తే దాని రాజకీయం మరీ బాహాటంగా తెలుస్తుంది. 1971లో వచ్చిన హిందీ చిత్రం ‘హాథీ మేరే సాథీ’లో ఏనుగు యజమాని కాపురం నిలబెట్టి ప్రాణం విడుస్తుంది. 1985 నాటి ‘తేరీ మెహర్‌బానియా’లో కుక్క ఇంకో మెట్టు ఎక్కింది. ఠాకూరు అన్యాయాన్ని ఎదిరించిన యువకుడిని చంపేశారు. కోర్టు సరైన మనిషిని శిక్షించలేదు, అమాయకుడు జైలుకు పోయాడు. కుక్క ఒక్కొక్క హంతకుడినీ వెతికి చంపింది. జనం చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లలో న్యాయం మీద ఆకలి ఉంది. దాన్ని మనం తక్కువ చెయ్యకూడదు. కాని కథ ఏం చేసింది? భూస్వామి దౌర్జన్యాన్ని ఒప్పుకుంది, పోలీసు చేతగానితనాన్ని ఒప్పుకుంది, ఊరి భయాన్నీ చూపింది. అన్నీ ఒప్పుకుని, ఊరు చెయ్యవలసిన పనిని ఊరి చేతిలో పెట్టకుండా కుక్క నోట్లో పెట్టింది. కుక్క చేస్తే అది విశ్వాసం. అదే పని ఊరు చేస్తే కల్లోలిత ప్రాంతం. సెన్సారుకు కుక్కతో ఇబ్బంది లేదు.

దీని పక్కన ప్రేమ్‌చంద్‌ను పెట్టి చూడండి. 1936లో లక్నోలో అఖిల భారత అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభకు అధ్యక్షత వహించిన ఆయన, దానికి కొన్నేళ్ల ముందే ‘పూస్ కీ రాత్’ రాశాడు. హల్కూ కంబళి కోసం దాచిన మూడు రూపాయలూ అప్పులవాడికి పోయాయి. చలిరాత్రి చేను కాపలాకు పోయాడు. తోడు జబ్రా అనే కుక్క. ఒకరి వెచ్చదనంతో ఒకరు రాత్రి వెళ్లబుచ్చారు. నీల్‌గాయిల మంద చేలో పడింది. జబ్రా తన పని తాను చేసింది. పరుగెత్తింది, గొంతు పోయేలా మొరిగింది. హల్కూ నాలుగడుగులు వేసి, చలికి తట్టుకోలేక, నెగడు బూడిద దగ్గరికే తిరిగి వచ్చి పడుకున్నాడు. తెల్లారేసరికి చేను లేదు.

ఇక్కడ కుక్కలో ఏ లోపమూ లేదు. ఆ మాటకొస్తే హల్కూలోనూ లేదు. కుక్క ఎంత మొరిగినా మూడు రూపాయల అప్పును తరమలేదు. చేను నీల్‌గాయిల నోట్లోకి పోకముందే వడ్డీ నోట్లోకి పోయింది. పోయిన చేను చూసి భార్య బెంగపడుతుంటే హల్కూకు చలిలో పడుకునే బాధ తప్పిందన్న ఊరట కలిగింది. జంతువు ప్రేమను ఒక్క చుక్క తగ్గించకుండా, దాని చేతకానితనాన్ని పూర్తిగా చూపడం అంటే ఇది. కుక్క ఉన్న అభ్యుదయ కథ ఎట్లా ఉండాలో ఇంతకంటే మంచి పాఠం లేదు.

7

చివరగా మన గురించి. ఈ చర్చ మనల్ని తాకకుండా పోతే దీనివల్ల లాభం లేదు.

మన కథల్లో ఒక మూస స్థిరపడింది. మొదటి పేజీ నుంచి బాధలు. దొర కొడతాడు, షావుకారు గుంజుకుంటాడు, అటవీ అధికారి మేకను పట్టుకుపోతాడు. బాధలు ఇక భరించలేని దాకా వచ్చాక చివరి పేరాలో బయటి నుంచి ఒకరు వస్తారు. మాట్లాడతారు, దారి చూపుతారు, లేదా పడగొడతారు. కథ ముగుస్తుంది. ఆ వచ్చిన మనిషి మంచివాడే. అటువంటి మనుషులు నిజంగానే వచ్చారు, ప్రాణాలు ఇచ్చారు. కాని కథలో అతని పాత్ర ఏమిటి? పాము వచ్చినప్పుడు గడపలో నుంచి లేచిన కుక్క పాత్రే. ఊరు మంచం మీద నిద్రపోతున్న యజమానిలాగే ఉంది. అతను ఎట్లా వచ్చాడు, అంతకుముందు ఊళ్లో ఎన్ని రాత్రులు ఎవరెవరు కూర్చుని మాట్లాడుకున్నారు, ఎవరు భయపడ్డారు, ఎవరు మధ్యలో వెళ్లిపోయి మళ్లీ వచ్చారు, ఇవేవీ కథలో లేవు. రక్షణను ఒక పనిగా కాకుండా ఒక రాకగా చూపిన కథ, రాసినవాడి దృక్పథం ఎంత గొప్పదైనా, కుక్కకథ చట్రాన్ని దాటలేదు.

చరిత్రను కూడా ఇట్లాగే చెప్పడం మనం చూస్తున్నాం. ఆదిలాబాద్ గోండుల భూమి సమస్యను నిజాం ప్రభుత్వం పట్టించుకోవడానికి, మార్లవాయిలో బడి పెట్టడానికి హైమెండార్ఫ్ కారణమని చెబుతారు. ఆయన చేసిన మేలును గోండులు మరిచిపోలేదు. మార్లవాయిలో ఆయన సమాధి దగ్గర ఇప్పటికీ ఏటా సంస్మరణ జరుపుతారు. అందులో తప్పులేదు. కాని ఆయన వచ్చింది 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం, అతని సహచరులు నేలకొరిగిన తర్వాత. ఆ నెత్తురు ప్రభుత్వాన్ని కదిలించింది, కదిలిన ప్రభుత్వం పరిశోధకుడిని పంపింది. రక్షకుడి కథ హైమెండార్ఫ్‌తో మొదలవుతుంది. చరిత్ర జోడేఘాట్‌తో మొదలవుతుంది. ఎక్కడ మొదలుపెట్టాలన్నది రచయిత చేతిలో ఉంది. దృక్పథమంటే అదే. కరీంనగర్ రైతాంగ పోరాటాల నుంచి పుట్టిన అల్లం రాజయ్య ‘కొలిమంటుకున్నది’ వంటి నవలల బలం, అవి సరైన చోట మొదలుపెట్టడంలోనే ఉంది.

కొత్తగా రాస్తున్న మిత్రులకు, సాహిత్య విద్యార్థులకు ఒక చిన్న సూచన. యజమానిని కాపాడిన జంతువు కథ చేతికి వస్తే పారెయ్యకండి. దాన్ని నిజమో అబద్ధమో తేల్చి ఊరుకోకండి. ఆ రాత్రి ఆ ఇంట్లో మంచాలు ఎన్ని ఉన్నాయో అడగండి. నేల మీద పడుకున్నది ఎవరో అడగండి. ఆసుపత్రి ఎంత దూరమో, బండి ఎవరిదో, ఆ పసులు ఎవరివో, కాపరి జీతం ఎంతో అడగండి. అరుపు విని లేచిన ఇరుగుపొరుగు ఎవరు, వినీ లేవనివాళ్లు ఎవరు, వాళ్లు ఎందుకు లేవలేదో అడగండి. ఈ ప్రశ్నలకు జవాబులు దొరికేసరికి మీ చేతిలో ఒక ఊరి కథ ఉంటుంది. అందులో కుక్క కూడా ఉంటుంది. అది తన పని తాను చేస్తూ మొరుగుతూ ఉంటుంది. ఆ మొరుగు విని లేవవలసింది మనుషులు.